మూడున్నర వేల గీత

హైదరాబాద్ శివారులోని కాప్రా కిరాయిలతో పెరిగిన ఊరు. 1967లో ఈసీఐఎల్ వచ్చింది. ఆ తరువాత న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, చర్లపల్లి పారిశ్రామికవాడ వచ్చాయి. వాటిలో పని దొరికినవాళ్లు ముందు కిరాయికి దిగారు. కొందరు తరువాత ఏఎస్ రావు నగర్‌లోనో కుషాయిగూడలోనో సొంత ఇల్లు కట్టుకుని, పై అంతస్తు కిరాయికిచ్చారు. అందుకే ఇక్కడ ఒకే ఇంట్లో కింద ఓనరు, పైన కిరాయిదారు ఉండటం మామూలు. ఇద్దరి మధ్య మాట కుదిరినంతకాలం చట్టంతో పని పడదు. ఓనరు 'ఇల్లు ఖాళీ చేయండి' అన్న రోజున మాత్రం ఆ మాట ఏ చట్టం కిందికి వస్తుందన్నది ఇద్దరికీ అవసరమవుతుంది. కేంద్ర చట్టం ఒకటుంది, రాష్ట్ర చట్టం ఒకటుంది. మొదటిదాని ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. రెండోదాని ప్రకారం నోటీసు ఎంత ముందుగా ఇచ్చినా చాలదు, ఖాళీ చేయించడానికి చట్టం ఒప్పుకునే కారణం ఉండాలి, దాన్ని రుజువు చేయాలి. తన ఇంటికి ఈ రెండింటిలో ఏది వర్తిస్తుందో చెప్పగలిగినవాళ్లు కాప్రాలో తక్కువ. తప్పు వాళ్లది కాదు. ఆ రెండు చట్టాల మధ్య హద్దును ఒక అంకె నిర్ణయిస్తోంది, ఆ అంకె 2005 నుంచి కదల్లేదు.

ముందు కేంద్ర చట్టం సంగతి. అది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలని దాని 107వ సెక్షన్ చెబుతుంది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకని అందరూ పదకొండు నెలలకే కిరాయినామా రాసుకుంటారు. ఆ పదకొండు నెలలు గడిచాక కొత్త కాగితం రాసుకునేవాళ్లు కొందరే. కిరాయిదారు ఉంటూనే ఉంటాడు, ఓనరు కిరాయి తీసుకుంటూనే ఉంటాడు. అప్పుడు 116వ సెక్షన్ ప్రకారం అది నెలవారీ కిరాయి అవుతుంది. నెలవారీ కిరాయిని పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చని 106వ సెక్షన్ చెబుతుంది. కారణం చెప్పనక్కర లేదు. ఒకప్పుడు ఆ పదిహేను రోజులు కిరాయి నెల చివరి రోజుతో సరిగ్గా ముగియాలన్న నియమం ఉండేది. ఒకటి రెండు రోజుల లెక్క తప్పి ఓడిపోయిన ఓనర్లు ఎందరో. 2002 చివర అమల్లోకి వచ్చిన సవరణ ఆ చిక్కు తీసేసింది. కేంద్ర చట్టం చూపులో ఇల్లు ఒక ఆస్తి, కిరాయి ఒక ఒప్పందం. ఒప్పందం ముగిస్తే సంబంధం ముగిసినట్టే.

రాష్ట్ర చట్టం చూపు వేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టణాల్లో ఇళ్ల కరువు వచ్చినప్పుడు దేశమంతటా కిరాయిల నియంత్రణ మొదలైంది. హైదరాబాద్ రాష్ట్రం 1954లో తన చట్టం చేసుకుంది, ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం ఉండేది. రెండింటినీ తీసేసి 1960లో ఆంధ్రప్రదేశ్ ఒకే చట్టం తెచ్చింది. భవనాల లీజు, కిరాయి, ఖాళీ చేయించడాల నియంత్రణ చట్టం అది. తెలంగాణ ఏర్పడ్డాక ఆ చట్టాన్నే తనకు అన్వయించుకుంది. దాని 10వ సెక్షన్ ప్రకారం కిరాయిదారును ఖాళీ చేయించాలంటే ఓనరు రెంట్ కంట్రోలర్ దగ్గరకు వెళ్లాలి. కిరాయిదారు కావాలని కిరాయి ఎగ్గొడుతున్నాడనో, అనుమతి లేకుండా మరొకరికి ఇచ్చాడనో, ఇల్లు పాడుచేశాడనో, చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది కలిగిస్తున్నాడనో, ఓనరు హక్కునే కాదంటున్నాడనో, లేదా ఆ ఇల్లు తనకే నిజంగా అవసరమనో నిరూపించాలి. నచ్చక ఖాళీ చేయించడం, ఎక్కువ కిరాయి ఇచ్చేవాళ్లు దొరికారని ఖాళీ చేయించడం అక్కడ కుదరదు.

ఒకే ఇంటి మీద ఇలా రెండు చట్టాలు రెండు మాటలు చెబితే దేని మాట చెల్లాలి? ఆస్తి బదిలీ, ఒప్పందాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోని విషయాలు. వాటి మీద పార్లమెంటూ చట్టం చేయవచ్చు, శాసనసభా చేయవచ్చు. రెండూ ఢీకొంటే 254వ అధికరణం ప్రకారం కేంద్ర చట్టానిదే పైచేయి. రాష్ట్ర చట్టానికి రాష్ట్రపతి ఆమోదం ఉంటే ఆ రాష్ట్రంలో దానిదే పైచేయి. కిరాయిల విషయంలో ఈ తగవు ఒక చిన్న ప్రశ్న రూపంలో దశాబ్దాలపాటు హైకోర్టులను చీల్చింది. రాష్ట్ర చట్టం కింద ఖాళీ చేయించాలన్నా, ముందు కేంద్ర చట్టం ప్రకారం 106 నోటీసు ఇచ్చి తీరాలా అన్నదే ఆ ప్రశ్న. 1979లో తమిళనాడు నుంచి వచ్చిన ధనపాల్ చెట్టియార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో దాన్ని తేల్చింది. ఆ నోటీసు అక్కరలేదంది. తీర్పు పైకి ఓనర్లకు అనుకూలంగా కనిపిస్తుంది గానీ దాని తర్కం కిరాయిదారు పక్షాన ఉంది. నోటీసిచ్చి ఒప్పందాన్ని ముగించినా కిరాయిదారు అంతటితో కిరాయిదారు కాకుండా పోడు, రాష్ట్ర చట్టం ఒప్పుకునే కారణంతో ఆదేశం వచ్చేదాకా అతని హక్కు నిలిచే ఉంటుంది, అలాంటప్పుడు నోటీసుతో ఒరిగేదేమిటని కోర్టు అడిగింది. నిజానికి 106వ సెక్షన్ మొదటి మాటల్లోనే ఈ ఒదిగే గుణం ఉంది. ఒప్పందంగానీ, స్థానిక చట్టంగానీ, వాడుకగానీ వేరుగా చెప్పనప్పుడే పదిహేను రోజుల నియమం వర్తిస్తుందని 1882లోనే రాశారు. కాబట్టి సిద్ధాంతరీత్యా గొడవ ముగిసింది. రాష్ట్ర చట్టం ఉన్నచోట దాని మాటే చెల్లుతుంది.

చిక్కంతా ఆ 'ఉన్నచోట' దగ్గరే. ఏ భవనాలకు తాను వర్తించదో రాష్ట్ర చట్టం తన 32వ సెక్షన్‌లో చెబుతుంది. మొదట్లో 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలన్నిటికీ మినహాయింపు. కొత్త ఇళ్లు కట్టేవాళ్లకు ప్రోత్సాహం ఇవ్వాలన్నది ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. కానీ ఆ తేదీ ఎప్పటికీ ఆ తేదీగానే ఉండిపోయింది. 1960లో కొత్తదైన ఇల్లు 1980ల నాటికి పాతబడింది, మినహాయింపు మాత్రం దానికి పోలేదు. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. పెట్టిననాడు సబబైన తేడా కాలం గడిచేకొద్దీ వివక్షగా మారుతుందని, పావు శతాబ్దం దాటిన మినహాయింపును ఇక సమర్థించలేమని చెప్పింది. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రభుత్వం జీవో 636తో కొత్త గీతలు గీసింది. కట్టిన పదేళ్లదాకా భవనానికి మినహాయింపు, నెల కిరాయి వెయ్యి దాటినా మినహాయింపు. 2005లో శాసనసభ సవరణ చేసి పదేళ్లను పదిహేను చేసింది. కిరాయి గీతను మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో 3500 రూపాయలకు, మిగతాచోట్ల 2000కు పెంచింది.

ఆ గీత కాప్రా మీదుగా ఎలా పోయిందో చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. 2005లో కాప్రా విడి మునిసిపాలిటీ. అంటే 2000 గీత. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల మరో పదకొండు మునిసిపాలిటీలతోపాటు అదీ హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసింది. దానితో గీత 3500 అయింది. అప్పటికి పదిహేనేళ్లు దాటిన ఇంట్లో నెలకు 2500 కిరాయికి ఉన్న కుటుంబాన్ని ఊహించండి. విలీనానికి ముందు వాళ్లను పదిహేను రోజుల నోటీసుతో పంపవచ్చు. విలీనం తరువాత కారణం నిరూపించకుండా పంపడానికి లేదు. ఇల్లు మారలేదు, కిరాయి మారలేదు, కిరాయినామాలో అక్షరం మారలేదు. పురపాలక సరిహద్దు మారింది, దానితోపాటు ఇంట్లో ఉండే హక్కూ మారింది. ఆ తరువాత కొన్నేళ్లకే కిరాయిలు పెరిగి అదే కుటుంబం మళ్లీ గీత అవతలికి జారిపోయి ఉంటుంది. ఈసారి ఎవరూ ఏ ఉత్తర్వూ ఇవ్వనక్కర లేకపోయింది.

నా వాదన ఇదే. కోర్టుల్లో రాష్ట్ర చట్టం గెలిచింది. గెలిచిన చట్టాన్ని రాష్ట్రమే ఒక అంకెను పట్టించుకోకుండా వదిలేసి పోగొట్టుకుంది. ఈ రోజు కాప్రాలో ఒక చిన్న కుటుంబం కాపురం పెట్టదగిన ఇల్లు 3500కు దొరకదు. కాబట్టి ఇక్కడి కిరాయిదారుల్లో అత్యధికులకు 1882 చట్టమే దిక్కు. కిరాయి చట్టాన్ని రద్దు చేస్తున్నామని శాసనసభలో ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఓటు వేయలేదు. పుస్తకంలో చట్టం అలాగే ఉంది, ఇళ్లు దాని కిందినుంచి బయటికి వెళ్లిపోయాయి. ప్రజల నివాసానికి సంబంధించిన ఒక రక్షణ ఉండాలా వద్దా అన్నది చర్చించి తేల్చాల్సిన విషయం. దాన్ని ద్రవ్యోల్బణానికి వదిలేయడం తప్పు.

దీనికి చట్టం తెలిసినవాళ్లు వెంటనే ఒక అభ్యంతరం చెబుతారు. కిరాయి గీత పెట్టడం చెల్లుతుందని సుప్రీంకోర్టే ఒప్పుకుంది కదా అని. నిజమే. ఢిల్లీలో 1988లో పెట్టిన గీత కూడా సరిగ్గా 3500 రూపాయలే. డి.సి. భాటియా కేసులో కోర్టు దాన్ని సమర్థించింది. అంత కిరాయి కట్టగలిగినవాళ్లకు రక్షణ అక్కరలేదని శాసనకర్తలు అనుకోవచ్చంది. అయితే అది 1990ల నాటి లెక్క. నాడు 3500 కట్టేవాడు కలిగినవాడు. అంతకు ముందే, 1986లో, రతన్ ఆర్య కేసులో తమిళనాడు చట్టంలోని 400 రూపాయల గీతను అదే కోర్టు కొట్టేసింది. ఆ గీత నివాస గృహాలకే ఉండి దుకాణాలకు లేకపోవడం ఒక కారణం. కిరాయిలు ఎన్నో రెట్లు పెరిగిన సంగతి కళ్లెదుటే ఉండగా, దశాబ్దం కిందట సంపన్నులను వేరుచేయడానికి గీసిన గీత ఇప్పుడు సామాన్యులనే బయటికి నెడుతోందన్నది మరో కారణం. ఓనర్ల పక్షాన కూడా ఇదే సూత్రం పనిచేసింది. బొంబాయి చట్టం కిరాయిలను 1940 నాటి స్థాయిలో బిగించి ఉంచడం కాలక్రమంలో అన్యాయంగా మారిందని మల్పె విశ్వనాథ ఆచార్య కేసులో కోర్టు చెప్పింది. ఈ తీర్పులన్నిటినీ కలిపి చదివితే ఒక సంగతి స్పష్టం. గీత గీసే హక్కు శాసనసభకు ఉంది, గీసి మరిచిపోయే హక్కు లేదు. 1957 తేదీ పావు శతాబ్దంలో చెల్లకుండా పోయింది. 2005 అంకె ఆ వయసుకు దగ్గరపడుతోంది.

ఇంకా ఆలోచించాల్సింది, ఇప్పుడు రాష్ట్ర చట్టం కింద మిగిలినవి ఏమిటన్నది. పాత ఇళ్లలోని ఒంటి గదులు, ఏనాటి నుంచో చిన్న కిరాయితో నడుస్తున్న మల్గీలు. వాటి ఓనర్లు చాలావరకు చిన్నవాళ్లే. తన మల్గీ తన కొడుకుకు కావాలని అడగాలన్నా అలాంటి ఓనరు రెంట్ కంట్రోలర్ ముందు అవసరం నిరూపించాలి, తరువాత అప్పీలు, ఆ పైన హైకోర్టులో రివిజన్. పెద్ద ఫ్లాట్లు నాలుగు ఉన్న ఓనరుకు మాత్రం కారణంతో పనిలేదు. రక్షణ అవసరమైన మామూలు కుటుంబం చట్టం బయట ఉంది, ఆ చట్టపు బరువేమో బరువు మోయలేని ఓనరు మీద పడింది. దీన్ని కావాలని ఎవరూ రూపొందించి ఉండరు.

కిరాయి నియంత్రణే చెడ్డదనే వాదన బలమైనది, దాన్ని తోసిపుచ్చలేం. ఒకసారి ఇస్తే ఇల్లు తిరిగి రాదన్న భయంతో తాళం వేసి ఉంచేవాళ్లు ఉన్నారు. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో కోటీ పది లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. అన్నిటికీ ఇదే కారణం కాకపోయినా, కొన్నిటికి ఇదీ ఒక కారణమే. కానీ 1960 చట్టం రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ఒకటి కిరాయి ఎంత ఉండాలో నిర్ణయించడం, రెండోది ఏ కారణంతో ఖాళీ చేయించవచ్చో చెప్పడం. ఇళ్ల నిర్మాణాన్ని దెబ్బతీసిందని ఆర్థికవేత్తలు తప్పుపట్టేది ప్రధానంగా మొదటిదాన్ని. మొదటిదాన్ని వదిలేసినా రెండోదాన్ని ఉంచుకోవచ్చు. పిల్లల పరీక్షలు జరుగుతుండగా పదిహేను రోజుల్లో పొమ్మనకూడదని చెప్పడానికి కిరాయి మీద ప్రభుత్వం ఆంక్ష పెట్టనక్కర లేదు.

నోటీసు ఎంత చిన్నదైనా డిక్రీ లేకుండా ఎవరినీ బయటికి గెంటలేరు, సివిల్ కోర్టులో దావా ఏళ్లు పడుతుంది, ఆ జాప్యమే కిరాయిదారుకు రక్షణ అనేవాళ్లూ ఉన్నారు. మొదటి సగం నిజం, అది అందరికీ తెలియాల్సింది కూడా. తాళం పగలగొట్టి, సామాను రోడ్డు మీద పడేసి ఖాళీ చేయించే అధికారం ఏ ఓనరుకూ లేదు. అలా చేస్తే ఆరు నెలల్లోపు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి ఇల్లు తిరిగి పొందవచ్చు. కానీ జాప్యాన్ని రక్షణ అనడం సరికాదు. జాప్యం మొండిగా కూర్చునేవాడికి, వకీలు ఫీజు కట్టగలిగినవాడికి పనికొస్తుంది. ఓనరు చెప్పగానే అడ్వాన్స్ తిరిగొస్తే చాలనుకుని బండి మాట్లాడుకునే కుటుంబానికి దానితో ఏమీ ఒరగదు. మంచి కిరాయిదారును రక్షించక, చెడ్డ కిరాయిదారుకు ఆయుధమిచ్చే ఏర్పాటు ఓనర్లకూ మేలు చేయదు. మరి కిరాయినామాలోనే మూడు నెలల నోటీసు రాయించుకోవచ్చు కదా అంటే, రాయించుకోవచ్చు, రాయించుకోవాలి కూడా. 106వ సెక్షన్ ఒప్పందాన్ని గౌరవిస్తుంది. అయితే ఆ కాగితం తెచ్చేది ఎక్కువగా ఓనరో బ్రోకరో. ఇల్లు దొరకడమే గగనమైనవాడు స్టాంపు పేపరు మీద షరతులు మార్పించగలడని అనుకోవడం కష్టం.

గీత అవతల పడ్డ కిరాయిదారుకు జరిగే నష్టం ఓనరుతో తగవు దగ్గరే ఆగదు. ఫ్లాట్లు చాలావరకు బ్యాంకు అప్పుతో కొన్నవే. ఓనరు వాయిదాలు కట్టకపోతే బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసిచ్చి ఇల్లు స్వాధీనం చేసుకుంటుంది. అది కేంద్ర చట్టం, ఇతర చట్టాల కంటే తనదే పైచేయి అని 35వ సెక్షన్‌లో చెప్పుకుంటుంది. ఇంట్లో ఉన్న కిరాయిదారు గతి ఏమిటన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు అంచెలంచెలుగా జవాబిచ్చింది. తాకట్టుకు ముందే చట్టబద్ధంగా కుదిరిన లీజును బ్యాంకు తోసేయలేదని 2014లో చెప్పింది. రాష్ట్ర కిరాయి చట్టం ఇచ్చిన రక్షణను సర్ఫేసీ చట్టం తుడిచిపెట్టలేదని 2016 జనవరిలో విశాల్ కల్సారియా కేసులో చెప్పింది. అది ముంబయి కిరాయిదారుల కేసు, వాళ్లకు మహారాష్ట్ర చట్టం అండ ఉంది. 2019లో బజరంగ్ శ్యామ్‌సుందర్ అగర్వాల్ కేసులో ఒక హద్దు పెట్టింది. రిజిస్టరైన పత్రం లేని కిరాయిదారు 107వ సెక్షన్ అనుమతించే కాలానికి మించి ఇల్లు పట్టుకుని ఉండలేడంది. ఇప్పుడు కాప్రా కిరాయిదారును ఈ తీర్పుల పక్కన నిలబెట్టి చూడండి. రాష్ట్ర చట్టం వర్తించదు, ఎందుకంటే కిరాయి 3500 దాటింది. రిజిస్టరైన లీజు లేదు, ఎందుకంటే కాగితం పదకొండు నెలలది. ఓనరు అప్పు తీసుకున్నాడో లేదో చూసుకోవడం అలవాటు లేదు. 2016 సవరణతో రుణ వసూలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే దారి దొరికింది గానీ, అక్కడ చూపడానికి చేతిలో హక్కంటూ ఉండాలి కదా.

కొన్నిచోట్ల రాష్ట్రానికి అసలు మాటే లేదు. కాప్రాకు కొద్ది కిలోమీటర్ల పడమట సికింద్రాబాద్ కంటోన్మెంట్. కంటోన్మెంట్లలో ఇళ్ల కిరాయిల మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుదేనని ఇందుభూషణ్ బోస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ రాష్ట్ర చట్టం నడవాలన్నా 1957 నాటి ఒక కేంద్ర చట్టం కింద కేంద్రం దాన్ని విస్తరించాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థల, జాతీయ బ్యాంకుల భవనాల్లో ఉండేవాళ్ల మీద 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టానిదే పైచేయి అని 1990లో అశోకా మార్కెటింగ్ కేసు తేల్చింది. ఇవి మారాలంటే ఢిల్లీలో మారాలి. మన చేతిలో ఉన్నది 32వ సెక్షన్.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా కిరాయి చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. అందులో కిరాయి గీత లేదు, కిరాయి ఎంతన్నది ఇద్దరూ మాట్లాడుకునే విషయం. కాగితం తప్పనిసరి. నివాస గృహానికి రెండు నెలలకు మించి అడ్వాన్స్ కూడదు. గడువు ఉండగా చెప్పిన కారణాలకే ఖాళీ చేయించాలి. గడువు ముగిశాక కదలని కిరాయిదారు మొదటి రెండు నెలలు రెండింతలు, ఆ తరువాత నాలుగింతలు కట్టాలి. తమిళనాడు ఇలాంటి చట్టాన్ని 2019 నుంచి అమలు చేస్తోంది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే చట్టం చేసింది. అన్ని ఇళ్లనూ ఒకే చట్టం కిందికి తేవడం ఆ నమూనాలో నాకు నచ్చిన సంగతి. నాలుగింతల జరిమానా మాత్రం, ఇంకో ఇల్లు వెతుక్కుంటున్న కుటుంబం మీద మరీ కఠినం. తెలంగాణ చర్చించి దాన్ని తగ్గించుకోవచ్చు. కొత్త చట్టానికి సమయం పడుతుందనుకుంటే 2005లో చేసినట్టే ఒక సవరణ చాలు. 3500 స్థానంలో నేటి కిరాయిలకు తగ్గ అంకె పెట్టి, అది ధరల సూచీతోపాటు ఏటా దానంతట అదే పెరిగేలా రాయాలి. కాప్రాలాంటి చోట్ల కార్పొరేషన్ హద్దు మారినప్పుడల్లా హక్కు మారకుండా, పట్టణాలన్నిటికీ ఒకే గీత ఉండాలి. ఇప్పటికే సివిల్ కోర్టుల్లో ఉన్న దావాలు వేసిన నాటి చట్టం ప్రకారమే సాగుతాయని కూడా అందులో చేర్చాలి. 1988లో ఆత్మారామ్ మిత్తల్ కేసులో హర్యానా భవనం విషయంలో సుప్రీంకోర్టు పట్టుకున్న పద్ధతి అదే. మినహాయింపు కాలంలో వేసిన దావా, విచారణ సాగుతుండగా ఆ కాలం ముగిసినంత మాత్రాన చెల్లకుండా పోదని అది చెప్పింది.